పాఠం 17: అమరికల ఫైలును చదివే పనిముట్టు పైథాన్‌లోకి ఎలా వచ్చింది?

గత పాఠంలో ఫైలును తెరవడం, అందులోని వరుసలను ఒక్కొక్కటిగా చదవడం నేర్చుకున్నారు. ఈ పాఠంలో ఒక ప్రత్యేకమైన ఫైలు గురించి చదువుతారు. పాఠం పూర్తయ్యేసరికి అమరికల ఫైలు అంటే ఏమిటో, దానిని చదివే పార్సర్ ఏ పని చేస్తుందో మీరు మీ సొంత మాటల్లో చెప్పగలగాలి. 2022లో పైథాన్ భాష అటువంటి పార్సర్‌ను తన సొంత సరుకులో ఎందుకు చేర్చుకున్నదో, అందులోనూ సగం పనినే ఎందుకు చేర్చుకున్నదో వివరించగలగాలి. దీనికోసం కంప్యూటరు ముందు కూర్చోనవసరం లేదు. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి, చాలు.

17.1 మర గోడ మీది బోర్డు

పిండిమరకు వెళ్ళినప్పుడు గోడ మీద నల్లబోర్డు చూసే ఉంటారు. బియ్యం కిలోకు ఇంత, మిరపకాయలు కిలోకు ఇంత అని సుద్దముక్కతో రాసి ఉంటుంది. రేటు మారితే యజమాని పాత అంకెను చెరిపి కొత్త అంకె వేస్తాడు. దానికోసం మరను విప్పడు. మర తిరిగే తీరు ఒకటి, ఆ నెల రేటు మరొకటి. రెండింటినీ విడివిడిగా ఉంచుకున్నాడు కాబట్టి అతని పని సులువయింది.

ఇప్పుడు ఆ యజమాని కూతురు కంప్యూటరు నేర్చుకుని, బిల్లులు వేసే చిన్న ప్రోగ్రాము తయారుచేసిందనుకుందాం. మిరప రేటు 15 రూపాయలని ప్రోగ్రాములోనే రాసేసింది. పండుగ వచ్చింది, రేటు 18 అయింది. ఆమె ఊళ్ళో లేదు. తండ్రి ప్రోగ్రామును తెరిచి 15 కనిపించిన చోటల్లా 18 చేశాడు. వాటిలో ఒక 15 మిరప రేటు కాదు, బిల్లు కాగితం మీద పట్టే వరుసల సంఖ్య. రేటు సరిపోయింది గాని బిల్లు కాగితం దాటిపోయింది.

దీనికి విరుగుడు, మారే విలువలను ప్రోగ్రాము బయట ఒక చిన్న ఫైలులో రాసిపెట్టడం. ప్రోగ్రాము మొదలుకాగానే ఆ ఫైలును చదువుకుని, అందులోని విలువలను వాడుకుంటుంది. ఇటువంటి ఫైలును అమరికల ఫైలు అంటారు. కంప్యూటరు పనివారి నోట కాన్ఫిగరేషన్ ఫైలు అనే మాటే ఎక్కువగా వినిపిస్తుంది. పేరు ఏదైనా అది మర గోడ మీది బోర్డే.

17.2 పార్సర్ చేసే పని

మన కంటికి ఆ ఫైలులో పేర్లు, అంకెలు కనిపిస్తాయి. కంప్యూటరుకు మాత్రం అది ఒకదాని వెనుక ఒకటి వచ్చే గుర్తుల వరుస. ఆ వరుసను చదివి ఏది పేరో, ఏది విలువో, ఏది మనుషుల కోసం రాసుకున్న వ్యాఖ్యో విడదీసి ప్రోగ్రాముకు అందించే భాగమే పార్సర్.

"ఇంత మాత్రానికి వేరే పార్సర్ ఎందుకు? సమం గుర్తు దగ్గర రెండు ముక్కలు చేస్తే సరిపోదా?" అని మీకు అనిపించవచ్చు. నేర్చుకునేవారు చాలామంది అలాగే మొదలుపెడతారు. ఈ వరుస చూడండి.

"చిరునామా" = "ఇంటి నెం. #12, రథం వీధి"   # కొత్త ఇల్లు

ఇందులో # గుర్తు రెండుసార్లు వచ్చింది. రెండవది వ్యాఖ్యకు మొదలు. దాని తరువాత ఉన్నదానిని ప్రోగ్రాము పట్టించుకోకూడదు. మొదటిది చిరునామాలో భాగం. # కనిపించగానే కోసేసే ప్రోగ్రాము చిరునామాను "ఇంటి నెం." దగ్గరే తెంచేస్తుంది. కాబట్టి కొటేషన్ గుర్తుల లోపల ఉన్నామా, బయట ఉన్నామా అని అడుగడుగునా గుర్తుంచుకుంటూ చదవాలి. చిరునామాలోనే సమం గుర్తు ఉంటే? విలువలోనే కొటేషన్ గుర్తు రావలసి వస్తే? విలువ రెండు వరుసల్లోకి పాకితే? ప్రతి ప్రశ్నకూ ఒక నియమం కావాలి. పది వరుసల్లో ముగుస్తుందనుకున్న పని వందల వరుసలకు పెరుగుతుంది. ఇంతా చేసి, పక్క ఊరివాడు అదే ఫైలుకు రాసుకున్న పార్సర్ మీ పార్సర్‌తో ఏకీభవించకపోవచ్చు.

17.3 అంతకుముందు ఉన్నవి

విండోస్ 3.1 కాలంలో కంప్యూటరు వాడినవారికి ఐ.ఎన్.ఐ. ఫైళ్ళు గుర్తుండే ఉంటాయి. చదరపు బ్రాకెట్లలో విభాగం పేరు, దాని కింద వరుసకొక అమరిక ఉంటాయి.

[రేట్లు]
బియ్యం = 6
మిరప = 15

వీటిని చదివే కాన్ఫిగ్‌పార్సర్ అనే మాడ్యూల్ పైథాన్‌లో 1990ల నుంచే ఉంది. అయితే అది ప్రతి విలువనూ పాఠ్యంగానే అందిస్తుంది. 6 అంటే ఆరు అనే సంఖ్య కాదు, "6" అనే అక్షరం. పైథాన్‌లో "6" అనే అక్షరాన్ని 3తో గుణిస్తే 18 రాదు, "666" వస్తుంది. మూడు కిలోల బియ్యానికి 666 రూపాయల బిల్లు చేతిలో పెడితే ఆ గిరాకీ మళ్ళీ మర గడప తొక్కడు. పాఠ్యాన్ని సంఖ్యగా మార్చే సదుపాయం ఆ మాడ్యూల్‌లో ఉంది గాని, ఏది సంఖ్యో గుర్తుంచుకుని మార్చవలసిన భారం ప్రోగ్రాము రాసేవారిదే. పైగా ఐ.ఎన్.ఐ. పద్ధతికి అందరూ ఒప్పుకున్న నియమాల గ్రంథమంటూ ఒకటి లేదు.

2008లో వచ్చిన పైథాన్ 2.6లో జేసన్ పద్ధతిని చదివే మాడ్యూల్ చేరింది. అందులో సంఖ్య సంఖ్యగానే ఉంటుంది. కాని జేసన్ ఒక కంప్యూటరు మరొక కంప్యూటరుకు సమాచారం పంపడానికి వాడే రూపం. అందులో వ్యాఖ్య రాసుకోవడానికి వీలు లేదు. బోర్డు మూల "ఉగాది నుంచి ఈ రేటు" అని రాసుకోనివ్వకపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

యామల్ అనే మూడవ పద్ధతి చూపుకు చక్కగా ఉంటుంది. కొటేషన్లు పెట్టకపోయినా ఊరుకుంటుంది, విలువ ఏ రకమో తానే ఊహించుకుంటుంది. చిక్కంతా ఆ ఊహలోనే ఉంది. నార్వే దేశానికి ఎన్, ఓ అనే రెండు ఇంగ్లీషు అక్షరాల గుర్తు ఉంది. యామల్ 1.1 నియమాల ప్రకారం చదివే పార్సర్ దానిని "కాదు" అనే అర్థంలో తీసుకుంటుంది. దేశాల జాబితాలో నార్వే ఉండవలసిన చోట "కాదు" వచ్చి కూర్చుంటుంది. పైథాన్ 3.10 అనే వెర్షన్ సంఖ్యను కొటేషన్లు లేకుండా రాస్తే అది దశాంశ సంఖ్యగా మారి 3.1 అయిపోతుంది. ఎంతోమంది ఈ గోతిలో పడి లేచారు. యామల్ నియమాల పుస్తకం కూడా చాలా పెద్దది. పైథాన్ సొంత సరుకులో దానికి చోటు దక్కలేదు.

పాఠంలోని ప్రశ్నలు 1
(అ) "ప్లాట్ #7" అనే విలువను # దగ్గర కోసే ప్రోగ్రాము ఎలా చదువుతుంది?
(ఆ) కాన్ఫిగ్‌పార్సర్ ఇచ్చిన "5" అనే విలువను మార్చకుండా 2తో గుణిస్తే ఏమి వస్తుంది?

17.4 టామ్‌ల్

2013లో టామ్ ప్రెస్టన్-వెర్నర్ అనే అమెరికా ప్రోగ్రామరు, గిట్‌హబ్ సంస్థను స్థాపించినవారిలో ఒకరు, అమరికల ఫైళ్ళకోసమే ఒక పద్ధతిని తయారుచేశాడు. టి, ఓ, ఎమ్, ఎల్ అనే నాలుగు అక్షరాలు కలిపి దానిని టామ్‌ల్ అంటారు. ఆ అక్షరాల వెనుక ఉన్న మాటలకు "టామ్‌గారి తేటతెల్లమైన చిన్న భాష" అని అర్థం చెప్పుకోవచ్చు. మన మర అమరికలను అందులో రాద్దాం.

# ఉగాది నుంచి పెంచిన రేట్లు
"మర పేరు" = "శ్రీలక్ష్మీ పిండిమర"
"మొదలైన తేదీ" = 2024-04-09
"సెలవులు" = ["అమావాస్య", "ఏకాదశి"]

["రేట్లు"]
"బియ్యం" = 6
"మిరప" = 15
"గోధుమ" = 5.50

ఎడమ పక్క పేర్లకు కొటేషన్లు ఎందుకని అడగవచ్చు. టామ్‌ల్ 1.0 నియమాల ప్రకారం ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, రెండు రకాల గీతలతో రాసిన పేర్లకు కొటేషన్లు అవసరం లేదు. తెలుగు పేర్లకు, మధ్యలో ఖాళీ ఉన్న పేర్లకు తప్పనిసరి. కుడి పక్క నియమం ఇంకా ముఖ్యమైనది. కొటేషన్లు ఉంటే అది పాఠ్యం. లేకపోతే సంఖ్యో, తేదీయో, అవును-కాదులలో ఒకటో అయి ఉండాలి. ఏదో ఒకటి ఊహించుకోవడమన్నది ఇక్కడ లేదు. గుంటూరు ఎస్.టి.డి. కోడును 0863 అని కొటేషన్లు లేకుండా రాస్తే పార్సర్ ఒప్పుకోదు. పూర్ణసంఖ్య ముందు సున్నా ఉండకూడదని నియమం. 0863 నిజానికి సంఖ్య కాదు, ఒక గుర్తు. కాబట్టి దానిని "0863" అనే రాయాలి. ఫిబ్రవరి 30 అని తేదీ వేసినా తప్పు పట్టుకుంటుంది.

తండ్రి హడావుడిలో పాత "మిరప" వరుసను చెరపడం మరిచి, కింద "మిరప" = 18 అని ఇంకొకటి చేర్చాడనుకోండి. పైథాన్‌లోని జేసన్ మాడ్యూల్ అయితే చివరిదానిని తీసుకుని మౌనంగా ముందుకు పోతుంది. టామ్‌ల్‌లో ఒకే పేరు రెండుసార్లు రావడం తప్పు. పార్సర్ అక్కడే ఆగి, ఎన్నవ వరుసలో ఎన్నవ గుర్తు దగ్గర తప్పు ఉన్నదో చెబుతుంది. ఆగిపోవడం విసుగే. కాని తప్పు రేటుతో నెల రోజులు బిల్లులు వేయడంకన్నా ఆ పూట ఆగడం నయం.

ఒక జాగ్రత్త: ["రేట్లు"] అని శీర్షిక వచ్చాక దాని కింద రాసేవన్నీ రేట్లకే చెందుతాయి. మర పేరును అన్నిటికంటే కిందకు దించితే, పార్సర్ దానిని కూడా ఒక సరుకు రేటుగానే జమకడుతుంది.

17.5 సెల్లులతో సహా

ఇంతవరకు "పైథాన్ సొంత సరుకు" అంటూ వచ్చాం. దాని అసలు పేరు స్టాండర్డ్ లైబ్రరీ. గీడో వాన్ రోసమ్ తయారుచేసిన పైథాన్ 1991లో మొదటిసారి బయటికి వచ్చింది. ఆ భాషను కంప్యూటరులో ఎక్కించుకోగానే, దానితోపాటు వచ్చే మాడ్యూళ్ళ సముదాయమే స్టాండర్డ్ లైబ్రరీ. పైథాన్‌వారు దీనిని "బ్యాటరీలతో సహా" అని చెప్పుకుంటారు. తిరునాళ్ళలో పిల్లవాడికి బొమ్మ కొని ఇంటికి వచ్చాక, అందులో సెల్లులు లేవని తెలిస్తే ఎలా ఉంటుంది? ఊళ్ళో కొట్టు అప్పటికే మూసేశారు. ఆ ఇబ్బంది రాకూడదనే ఉద్దేశం.

లైబ్రరీలో లేని మాడ్యూళ్ళు ఇంటర్నెట్‌లో లక్షల సంఖ్యలో దొరుకుతాయి. పిప్ అనే పనిముట్టుతో దించుకోవచ్చు. అయితే నెట్టు సరిగా అందని ఊళ్ళో, స్నేహితుడు పెన్‌డ్రైవులో ఇచ్చిన పైథాన్‌తో నేర్చుకునే మనిషికి స్టాండర్డ్ లైబ్రరీలో ఉన్నదే ఉన్నట్టు, లేనిది లేనట్టే. బయటినుంచి ఏ కొత్త మాడ్యూల్‌నూ దించుకోనివ్వని కార్యాలయాల్లోనూ ఇదే పరిస్థితి. అందుకే ఏదైనా ఒక మాడ్యూల్ లైబ్రరీలో చేరడం చిన్న విషయం కాదు.

చేర్చడం ఒక్కటే కాదు, మోయడం కూడా ఉంది. ఒకసారి చేర్చాక దానిని ఏళ్ళ తరబడి సరిదిద్దుతూ ఉండాలి. ఆ పని చేసేవారిలో చాలామంది తీరిక వేళల్లో ఉచితంగా చేసేవారే. తీసేయడం మరీ కష్టం. దానిమీద ఆధారపడిన ప్రోగ్రాములు ఎక్కడెక్కడ ఉన్నాయో ఎవరికీ తెలియదు. కాలం చెల్లిన 19 మాడ్యూళ్ళను పైథాన్ 2024 అక్టోబరులో 3.13 వెర్షన్ నుంచి తొలగించింది. వాటిని తీసేయాలన్న ప్రతిపాదన 2019 నాటిది. దానికి "చచ్చిన బ్యాటరీలు" అనే పేరు వచ్చింది. పోసిన సెల్లులు కారి బొమ్మనే పాడుచేస్తాయని, కొత్త సెల్లు వేసేముందు లైబ్రరీ పెద్దలు వెనకాడేది ఇందుకే.

17.6 పిచ్చి, పెళ్ళి

ఇక అసలు కథకు వద్దాం. మీరు రాసిన ప్రోగ్రామును ఇతరులు వాడుకోవాలంటే దానిని పొట్లం కట్టి పంపాలి. ఆ పొట్లాన్ని ప్యాకేజీ అంటారు. పొట్లం విప్పి కంప్యూటరులో కూర్చోబెట్టడానికి కొన్ని పనిముట్లు కావలసి రావచ్చు. ఏ పనిముట్లు కావాలో రాసిన చీటీ ఎక్కడ ఉండాలి?

చాలాకాలం అది సెటప్ అనే పైథాన్ ఫైలులో ఉండేది. ఆ ఫైలు చీటీ కాదు, తానే ఒక ప్రోగ్రాము. దానిని నడిపితే గాని ఏమేమి కావాలో తెలియదు. అవి లేకపోతే అది నడవదు. మన సామెత ఒకటి ఉంది కదా, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు. సరిగ్గా అదే.

2016లో ఈ ముడిని విప్పడానికి ఒక ప్రతిపాదన వచ్చింది. పైథాన్‌లో మార్పులు కోరేవారు రాసే పత్రాలను పెప్‌లు అంటారు, వాటికి సంఖ్యలు ఉంటాయి. ఇది పెప్ 518. కావలసిన పనిముట్ల జాబితాను నడపవలసిన అవసరం లేని, చదివితే చాలే ఒక అమరికల ఫైలులో పెట్టాలని అది చెప్పింది. ఆ ఫైలు పేరు పైప్రాజెక్ట్. దానికి ఎన్నుకున్న పద్ధతి టామ్‌ల్. మనం పైన చూసిన కారణాలే అందులోనూ కనిపిస్తాయి. జేసన్‌ను మనిషి చేత్తో రాయడం కష్టం, యామల్ మరీ పెద్దది, ఐ.ఎన్.ఐ.కి నియమాలు లేవు. రస్ట్ భాషవారు అప్పటికే ఇటువంటి పనికి టామ్‌ల్‌ను వాడుతున్నారు.

నిర్ణయం బాగానే ఉంది. కాని పైథాన్‌లో టామ్‌ల్‌ను చదివే పార్సర్ లేదు! చీటీ రాయవలసిన భాషను నిర్ణయించారు, ఆ భాష చదవగలిగినవాడిని ఇంట్లో పెట్టుకోలేదు.

అప్పుడు ఏం జరిగిందో జాగ్రత్తగా గమనించండి. ప్యాకేజీలను దించే పిప్‌కే ఇప్పుడు టామ్‌ల్ చదవడం రావాలి. టామ్‌ల్ పార్సర్ కూడా ఒక ప్యాకేజీయే. దానిని దించవలసింది పిప్. కాబట్టి పిప్‌వారు పార్సర్ నకలు ఒకటి తమ సంచిలోనే పెట్టుకున్నారు. 2021లో తనేలి హుక్కినెన్ అనే ప్రోగ్రామరు టామ్లీ అనే మంచి పార్సర్ రాశాడు. ఆ టామ్లీని పొట్లం కట్టడానికి వాడిన పనిముట్టు ఫ్లిట్. ఫ్లిట్ పని చేయాలంటే పైప్రాజెక్ట్ ఫైలు చదవాలి. అది చదవడానికి టామ్లీ కావాలి. టామ్లీ లేనిదే ఫ్లిట్ లేదు, ఫ్లిట్ లేనిదే టామ్లీ లేదు. ఫ్లిట్‌వారు కూడా నకలు సంచిలో వేసుకోక తప్పలేదు. లినక్స్ పంపిణీలను తయారుచేసేవారు ప్రతి ప్రోగ్రామునూ మూలం నుంచి తామే కట్టుకుంటారు. ఈ చక్రంలో ఎక్కడ మొదలుపెట్టాలో వారికి తలనొప్పి అయింది.

నకళ్ళు పెట్టుకుంటే ఏం పోయింది అంటారా? పార్సర్‌లో ఒక లోపం బయటపడితే దానిని ప్రతి సంచిలోనూ విడివిడిగా సరిదిద్దాలి. ఒక సంచిలో కొత్త నకలు, ఇంకొకదానిలో పాత నకలు ఉంటే ఒకే ఫైలును ఒక పనిముట్టు ఒప్పుకుని మరొకటి కాదనవచ్చు. బజారులో ఎక్కువమంది వాడుతున్న పాత పార్సర్ ప్యాకేజీ అప్పటికే కొత్త నియమాలకు వెనుకబడి ఉంది.

పాఠంలోని ప్రశ్నలు 2
(అ) పనిముట్ల జాబితాను సెటప్ ఫైలులో పెట్టడం వల్ల వచ్చిన ముడి ఏమిటి?
(ఆ) పిప్ టామ్‌ల్ పార్సర్‌ను మామూలు ప్యాకేజీలాగా ఎందుకు దించుకోలేకపోయింది?

17.7 ఆరేళ్ళు ఎందుకు ఆగారు, సగమే ఎందుకు చేర్చారు

2016లోనే ముడి కనిపిస్తున్నప్పుడు 2022 వరకు ఎందుకు ఆగారు? టామ్‌ల్ అప్పటికి స్థిరపడలేదు. 1.0 రాకముందు ఒక జాబితాలో అన్నీ ఒకే రకం విలువలు ఉండాలని నియమం. 1.0లో పాఠ్యాన్ని, సంఖ్యను ఒకే జాబితాలో కలిపి రాయడానికి అనుమతించారు. పాత నియమంతో పార్సర్‌ను లైబ్రరీలో వేసేసి ఉంటే, ఆ వెర్షన్ వాడుకలో ఉన్నన్నాళ్ళూ అది కొత్త ఫైళ్ళను తప్పు పడుతూ ఉండేది. పైథాన్ వెర్షన్ ఒక్కొక్కదానిని సుమారు ఐదేళ్ళ పాటు కనిపెట్టుకుని ఉంటారు. గోడ ఆరకముందే సున్నం వేయరు కదా.

టామ్‌ల్ 1.0.0 వెర్షన్ 2021 జనవరిలో వెలువడింది. ఏడాది తిరిగేసరికి, 2022 జనవరిలో, తనేలి హుక్కినెన్, శంతను జైన్ కలిసి పెప్ 680 రాశారు. పైథాన్ ముఖ్య అభివృద్ధికారులలో ఒకరైన పెట్ర్ విక్టోరిన్ దానిని బలపరిచాడు. ఇటువంటి ప్రతిపాదనలపై తుది మాట ఐదుగురు సభ్యుల సంచాలక మండలిది. మండలి అంగీకరించింది. టామ్లీ మూలాన్నే తీసుకుని లైబ్రరీలో చేర్చారు. 2022 అక్టోబరు 24న పైథాన్ 3.11తో అది అందరికీ అందింది.

కొత్త మాడ్యూల్‌కు టామ్‌ల్ అనే పేరు పెట్టలేకపోయారు. ఆ పేరుతో పాత ప్యాకేజీ ఒకటి అప్పటికే వాడుకలో ఉంది. అదే పేరు పెడితే దానిని వాడే ప్రోగ్రాములు తికమకపడేవి. అందుకే టామ్‌ల్‌లిబ్ అన్నారు.

టామ్‌ల్‌లిబ్ చదువుతుంది, రాయదు. లోడ్, లోడ్స్ అని రెండు పనులే దానికి వచ్చు. మొదటిది ఫైలును చదువుతుంది, రెండవది పాఠ్యాన్ని చదువుతుంది. రెండూ ఫలితాన్ని డిక్షనరీగా ఇస్తాయి. జేసన్ మాడ్యూల్‌కు చదవడమూ వచ్చు, రాయడమూ వచ్చు. దీనికి చేయి ఎందుకు కట్టేశారు?

చదవడానికి ఒకే సరైన జవాబు ఉంది. మన మర ఫైలును ఏ మంచి పార్సర్ చదివినా మిరప రేటు 15 అనే చెప్పాలి. రాయడానికి అలా కాదు. ఆ రేట్లనే శీర్షిక పెట్టి కింద వరుసలుగా రాయవచ్చు, మీసాల బ్రాకెట్లలో ఒకే వరుసలో ఇరికించవచ్చు, "రేట్లు"."మిరప" = 15 అని చుక్కతోనూ రాయవచ్చు. మూడూ సరైనవే. ఏది ఎన్నుకోవాలి? అంతకన్నా పెద్ద చిక్కు వ్యాఖ్యలది. ఫైలు చదివి డిక్షనరీ చేసినప్పుడు "ఉగాది నుంచి పెంచిన రేట్లు" అనే వ్యాఖ్య డిక్షనరీలోకి రాదు. ఆ డిక్షనరీని మళ్ళీ ఫైలుగా రాస్తే వ్యాఖ్య మాయమవుతుంది. యజమాని ఎంతో ఆలోచించి రాసుకున్న గుర్తును ప్రోగ్రాము చెరిపేసినట్లవుతుంది. వ్యాఖ్యలను, ఖాళీలను కాపాడుతూ రాసే టామ్‌ల్‌కిట్ వంటి ప్యాకేజీలు బయట ఉన్నాయి గాని అవి చాలా పెద్దవి. లైబ్రరీలో తొందరపడి ఒక పద్ధతిని ఖాయం చేస్తే మార్చడం కష్టం. ఇప్పుడు చేర్చకపోతే తరువాత ఎప్పుడైనా చేర్చుకోవచ్చు.

ఈ నిర్ణయం అందరికీ నచ్చలేదు. రాయవలసిన అవసరం ఉన్నవారు ఈనాటికీ బయటి ప్యాకేజీని వెతుక్కోవలసిందే. పెన్‌డ్రైవు పైథాన్‌తో నేర్చుకునేవారికి ఆ సగం అందలేదు, అది నిజమైన లోటే. అయినా ముడి విప్పడానికి కావలసింది చదవడం ఒక్కటే. పిప్ ఎవరి పైప్రాజెక్ట్ ఫైలునూ తిరగరాయదు. అవసరం ఉన్న మేరకే బరువు ఎత్తుకున్నారన్నది ఈ పాఠ రచయిత అభిప్రాయం. మీరు వేరుగా ఆలోచిస్తే, సంపర్క తరగతిలో ఆ వాదం వినిపించండి.

వేగం గురించి కూడా చర్చ వచ్చింది. టామ్‌ల్‌లిబ్ పూర్తిగా పైథాన్‌లోనే రాసినది కాబట్టి మరీ వేగమైనది కాదు. అమరికల ఫైళ్ళు చిన్నవి, ప్రోగ్రాము మొదలయ్యేటప్పుడు ఒకసారి చదివితే సరి. అందువల్ల దానిని పెద్ద లోపంగా ఎంచలేదు.

17.8 "మిరప"కు పన్నెండు బైట్లు

టామ్‌ల్‌లిబ్ వాడేటప్పుడు కొత్తవారు తప్పక తడబడే చోటు ఒకటి ఉంది. ఫైలును మామూలుగా, అంటే పాఠ్యంగా తెరిచి లోడ్‌కు ఇస్తే అది ఒప్పుకోదు. ఫైలును బైట్ల రూపంలో, అంటే ఆర్, బి అనే రెండు అక్షరాల గుర్తు పెట్టి తెరవాలి. ఎందుకీ పట్టుదల? తెలుగు రాసేవారికి ఈ కారణం అందరికన్నా బాగా తెలియాలి.

కంప్యూటరులో అక్షరాలు బైట్లుగా నిలువ ఉంటాయి. యు.టి.ఎఫ్.-8 అనే పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగు గుర్తు ఒక్కొక్కదానికి మూడు బైట్లు పడతాయి. "మర" అనే మాటలో రెండు గుర్తులు, ఆరు బైట్లు. "మిరప" అనే మాటను విడదీస్తే మ, దానిమీది గుడి, ర, ప అని నాలుగు గుర్తులు, పన్నెండు బైట్లు.

టామ్‌ల్ ఫైలు యు.టి.ఎఫ్.-8లోనే ఉండాలని నియమం. కాని 2022 నాటి పైథాన్, ఫైలును పాఠ్యంగా తెరిచేటప్పుడు మీరు ఏమీ చెప్పకపోతే, ఆ కంప్యూటరు అలవాటు ప్రకారం పోతుంది. పశ్చిమ ఐరోపా భాషల అలవాటు ఉన్న విండోస్ కంప్యూటరులో ఒక బైటుకు ఒక అక్షరం లెక్క. అక్కడ "మిరప" పన్నెండు పిచ్చి అక్షరాలుగా విడిపోతుంది. ప్రోగ్రాము "మిరప" రేటు అడిగితే ఆ పేరుతో ఏదీ లేదని జవాబు వస్తుంది. ఇంగ్లీషు అక్షరాలే ఉన్న ఫైళ్ళతో పరీక్షించేవారికి ఈ తప్పు ఎన్నటికీ కనిపించదు. బైట్లుగా ఇస్తే, వాటిని అక్షరాలుగా మార్చే పనిని పార్సర్ తానే యు.టి.ఎఫ్.-8 ప్రకారం చేస్తుంది. పొరపడే అవకాశాన్ని మన చేతిలో ఉంచలేదన్నమాట.

డబ్బు లెక్కలు వేసేవారికి ఇంకొక మాట. 5.50 వంటి విలువను టామ్‌ల్‌లిబ్ మామూలు దశాంశ సంఖ్యగా ఇస్తుంది. కంప్యూటరులో 0.1, 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుందని 9వ పాఠంలో చూశారు. పైసల లెక్క తప్పకూడదనుకుంటే, దశాంశాలను డెసిమల్ రకంగా ఇమ్మని లోడ్‌కు ముందే చెప్పవచ్చు. దానికి పార్స్‌ఫ్లోట్ అనే సదుపాయం ఉంది.

మీ దగ్గర ఉన్నది పైథాన్ 3.10 లేదా అంతకన్నా పాతదైతే టామ్‌ల్‌లిబ్ దొరకదు. చాలా ప్రోగ్రాములు ముందు టామ్‌ల్‌లిబ్ కోసం చూసి, లేకపోతే టామ్లీని తెచ్చుకునేలా రాసి ఉంటాయి. రెండింటి మూలమూ ఒకటే కాబట్టి మిగతా ప్రోగ్రాములో ఏమీ మార్చనవసరం లేదు.

కృత్యం: మీ ఇంటి పాల లెక్కకు గాని, మీ వీధిలోని ఇస్త్రీ బండి రేట్లకు గాని ఒక అమరికల ఫైలును టామ్‌ల్ పద్ధతిలో కాగితం మీద రాయండి. కనీసం ఒక వ్యాఖ్య, ఒక తేదీ, ఒక జాబితా, ఒక శీర్షిక ఉండాలి. తరువాత అందులో కావాలనే మూడు తప్పులు చేసి, మీ తోటి అభ్యాసకుడికి ఇచ్చి పట్టుకోమనండి.

జవాబులు
1. (అ) "ప్లాట్" దగ్గర తెగిపోతుంది. 7 వ్యాఖ్యలో పోతుంది. (ఆ) "55" వస్తుంది.
2. (అ) ఆ ఫైలును నడిపితే గాని ఏ పనిముట్లు కావాలో తెలియదు. ఆ పనిముట్లు లేనిదే ఫైలు నడవదు. (ఆ) ప్యాకేజీలను దించేది పిప్ కాబట్టి. పార్సర్ ప్యాకేజీని దించేలోపే దానికి పార్సర్ అవసరం పడుతుంది.